గంజిలో చేతులు

మా ఇంటికి ఎవరు వచ్చినా చెప్పులు విడుస్తూనే నా కోడల్ని ఒక్క మాట అడిగేవారు: "తగ్గిందా?" అడగకపోతేనే మన దగ్గర తప్పు. జ్వరం వచ్చినవాళ్ళనైనా, కాలు విరిగినవాళ్ళనైనా అదే అడుగుతాం. నేను కూడా బుద్ధి తెలిసినప్పటి నుంచి అందర్నీ అదే అడిగాను. తగ్గని మనిషి ఆ మాటకు ఏం జవాబు చెప్పాలన్నది మాత్రం ఒక్కనాడూ ఆలోచించలేదు. నాది మూడో తరగతి చదువు. ఇది చదువుకుంటే తెలిసే సంగతి కాదులెండి. నాకు తెలిసేసరికి ఆలస్యం అయిపోయింది.

కోడలు శివ్వంపేట దిక్కు పిల్ల. మా ఇంటికి వచ్చి పన్నెండేళ్ళు. చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలకు కూర్చుంటే కళ్ళు టీవీ మీద ఉండేవి, వేళ్ళు మాత్రం ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పడేసేవి. నేను నలభై ఏళ్ళు బీడీలు చేసినదాన్ని. మంచి చెయ్యి ఏదో చూడగానే తెలుస్తుంది. అయినా ఆ మాట ఆమెతో అనలేదు. పొగిడితే మనిషి మందగిస్తుందని నా లెక్క.

మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది కోడలికి వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున పాలప్యాకెట్ కత్తిరించబోతే చేతిలోంచి జారి నేలంతా పాలయ్యాయి.

"పొద్దుగాల వేళ్లు కట్టెలైతున్నయ్ అత్తమ్మా. ముడుస్తందుకు వస్తలేదు," అంది.

"ఎప్పటిదాంక?"

"పది గొట్టేదాంక. తర్వాత జర నయమైతది."

"అంటే ఊడ్సుడు, సల్లుడు, వంట అన్నీ అయినంక నయమైతదన్నట్టు. మస్తు తెలివిగల్ల నొప్పి వచ్చింది నీకు!"

బీడీలకు మా వాకిట్లో చేరిన ఆడవాళ్ళందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. నా మాటకు అంతమంది నవ్వితే నాకు బాగానే అనిపించింది. తర్వాత నెల రోజులు అదే మాట తిప్పి తిప్పి అన్నాను. పొద్దున్నే చేతులు ముంచుకోవడానికి నీళ్ళు కాచుకుంటే, ఎండాకాలం వేణ్నీళ్ళెందుకని పొయ్యి కట్టేశాను. ఒకనాడు మనవరాలు జడ కోసం తల్లి ముందు కూర్చుని, రిబ్బను ముడి ఆలస్యమైతే, "నాటకాలు బంద్ చెయ్యమ్మా," అంది. అచ్చం నా గొంతే. పిల్ల నోరు మూయించాల్సింది నేను. మూయించలేదు.

బీడీలు వదులుగా ఉన్నాయని కార్ఖానాలో ఒక కట్ట పక్కన పెట్టారు. అప్పుడు నా కొడుకు ఆమెను దవాఖానాకు తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్ళాను. రక్తం తీసి, ఫోటోలు తీసి, కీళ్ళ వాతం అన్నారు. డాక్టరమ్మ చిన్న వయసుదే, మాట మాత్రం గట్టిది.

"ఇది పోయే రోగం కాదమ్మా. గోలీలు వేసుకుంటే అదుపుల ఉంటది. బంద్ చేస్తే వేళ్లు వంకరపోతయ్. వంకరపోయినయి మల్ల సక్కగ కావు. యాది పెట్టుకోండ్రి."

"నోట్లకెల్లి గట్ల రానియ్యకమ్మా," అన్నాను. "ఒక్క మంచి మాట చెప్పు."

"మంచి మాటనే చెప్తున్న," అంది ఆమె.

తిరిగి వచ్చేటప్పుడు, నా కొడుకు నడిపే ఆటోలోనే చెప్పేశాను. 'పోదు' అనే మాట మా గడపలో వినబడకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. రోగం చుట్టం లాంటిది, పేరు పెట్టి పిలిచి పీట వేస్తే కూర్చుంటుంది. చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు అమ్మవారు పోస్తే పేరెత్తేవాళ్ళం కాదు. వేపమండలు కట్టి, చల్లటి మాటలు మాట్లాడి, నీళ్ళు పోసి సాగనంపేవాళ్ళం. ఆమె వెళ్ళిపోయేది. నేను ఎరిగినవన్నీ వచ్చి పోయే రోగాలే. అందుకని చుట్టాలు అడిగితే ఆ గోలీలు బలానికని చెప్పమన్నాను. కోడలు చేతులు బాగైతే బోనం ఎత్తుకొస్తామని ఏడుపాయల తల్లికి మొక్కుకున్నాను.

గోలీలు పని చేశాయి. ఆరునెలలు తిరిగేసరికి వాపు దిగింది, కోడలు మళ్ళీ చాట ముందు కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా చెల్లెలి మనవడి పుట్టువెంట్రుకలు ఏడుపాయలలో తీస్తామని కబురు వచ్చింది. అందరూ పోవడానికి డీసీఎం వ్యాను మాట్లాడారు. బండి ఎలాగూ పోతోంది. మన మొక్కు కోసం మళ్ళీ ఒక బండి ఎందుకు?

"గప్పుడే ఎందుకే అమ్మా," అన్నాడు నా కొడుకు. "డాక్టరమ్మ గట్ల చెప్పె గదా."

"చేతులు మంచిగున్నయా లేవా? ఉన్నయ్. ఇంక దేనికి ఆగుడు?"

బోనం కోడలి తలమీద పెట్టాను. మా వాళ్ళందరూ చుట్టూ ఉన్నారు. "తల్లి నా కోడలి నొప్పి తీసుకపోయింది," అని గట్టిగా చెప్పాను. కోడలి వైపు తిరిగి, "చెప్పు, తగ్గిందని నీ నోటితోని చెప్పు," అన్నాను.

తలమీద కుండ, దాని మీద దీపం. తల కదల్చకుండా, "తగ్గింది," అంది.

ఇంటికి వచ్చాక గోలీల డబ్బా తీసి బీరువా మీద పెట్టాను. మొక్కు తీరాక గోలీ మింగితే తల్లిని నమ్మనట్టే కదా.

"డాక్టరమ్మ బంద్ చెయ్యొద్దన్నది అత్తమ్మా," అంది.

"తల్లి కంటె ఎక్కువదా నీ డాక్టరమ్మ?"

కొడుకు నా ముఖం చూశాడు, పెళ్ళాం ముఖం చూశాడు, ఆటో తీసుకుని పాపన్నపేట పోయాడు. మాకు మాట పెరిగితే వాడు ఆ ఊరికే పోతాడు, సవారీ ఉన్నా లేకున్నా.

వానలు మొదలయ్యాక కోడలు కుక్కర్ పైకి పెట్టేసింది. పెరట్లో కట్టెల పొయ్యి మీద గిన్నెలో అన్నం వండి, గంజి వార్చడం మొదలుపెట్టింది. కుక్కర్ అన్నం పడడం లేదంది. గ్యాస్ మిగిలింది. గంజి నా చీరలకు పనికొచ్చింది, కొంచెం ఉప్పేసుకుని తాగడానికీ పనికొచ్చింది. "ఇప్పటికి మా కోడలికి సంసారం తెలిసింది," అని వాడలో అందరికీ చెప్పాను. పన్నెండేళ్ళలో ఆమెను నేను పొగిడింది అదొక్కసారే. వింటూ కొంగు ముందుకు లాక్కుని చేతులు కప్పుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

బీడీలు మానేసింది. తంబాకు వాసన పడడం లేదంది. వచ్చినవాళ్ళు "తగ్గిందా?" అంటే, "తగ్గింది," అనేది. పొద్దున అడిగినా అదే, సాయంత్రం అడిగినా అదే. మాట మారలేదు కాబట్టి నేనూ నమ్మాను. కళ్ళుండి ఏం లాభం, చెవులతోనే చూశాను.

మా పక్కింట్లో టీచరమ్మ ఉంటుంది. చర్చి దిక్కు బడిలో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. ఆమెకు ఎప్పటినుంచో షుగరు, రోజూ సూది వేసుకుంటుంది. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ. ఒక పొద్దున బజారుకు బయల్దేరి, సంచి మరిచిపోయి వెనక్కి వచ్చాను. పెరటి తలుపు దగ్గరికి వచ్చేసరికి టీచరమ్మ గొంతు వినబడింది.

"ఇయ్యాల ఏమంటున్నయ్ బిడ్డా నీ చేతులు?"

"కుడి చెయ్యి అలిగింది టీచరమ్మా," అంది నా కోడలు. "బొటనవేలు నిన్నటిసంది మంట. చాయ గిలాస రెండు చేతులతోని పట్టుకున్న. పిల్లకు జడలు వెయ్యరాలే, ఉత్తగ రిబ్బన్ కట్టి పంపిన. బడిల కొట్టిండ్రో ఏమో. ఎడమ చెయ్యి జర నయం. గని దాని చిటికెనవేలు చూడు, పక్కకు ఒరిగింది."

ఇంకా చెబుతూనే ఉంది. ఏ వేలు ఏ పూట ఎలా ఉంటుందో, ముసురు పట్టిన రోజు ఎలా ఉంటుందో, బట్టలు పిండలేక బండ మీద వేసి కాలితో తొక్కి నీళ్ళు ఎలా తీస్తుందో, అన్నీ. ఏడాదిలో నాతో అన్ని మాటలు మాట్లాడలేదు.

"మీ అత్తమ్మకు చెప్పరాదు?"

"ఎట్ల చెప్పాలె? మొక్కు తీరింది గదా. ఇప్పుడు నొప్పంటే తల్లిని తప్పు పట్టినట్టయితది. నలుగుట్ల అత్తమ్మ మాట పోతది."

"మరెట్ల ఓర్సుకుంటున్నవే?"

"గంజి ఉన్నది గదా," అని నవ్వింది. "వేణ్నీళ్లంటే కోపం గని, గంజంటే మా అత్తమ్మకు మస్తు ప్రేమ."

తలుపు సందులోంచి చూశాను. పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. రెండు చేతులూ మణికట్టు దాకా గంజిగిన్నెలో ఉన్నాయి. నేను పొగిడిన గంజి అది.

నేనే బయల్దేరదీస్తే మళ్ళీ దవాఖానాకు పోయాం. డాక్టరమ్మ కోడలి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. మూడు వేళ్ళ దగ్గర ఆగింది. "ఇవి ఇగ సక్కగ కావు," అంది. "మిగిలినయన్న కాపాడుకుందాం. గోలీలు ఎందుకు బంద్ చేసినవ్?"

కోడలు నా వైపు చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "మర్సిపోయిన మేడం," అంది.

"ఏడాది మర్సిపోతవా? నీ చేతుల మీద నీకే ఫికర్ లేకుంటె నేనేం చెయ్యాలె?" అని డాక్టరమ్మ తిట్టింది. చాలాసేపు తిట్టింది. కోడలు తలవంచుకుని విన్నది. నేను ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నన్ను అడగలేదు కదా అని ఊరుకున్నాను. అందరి నోళ్ళూ మూయించే నోరు ఆనాడు తెరుచుకోలేదు.

ఇప్పుడు గోలీలు నేనే అందిస్తున్నాను. వచ్చినవాళ్ళను, "తగ్గిందా అని అడుగకుండ్రి, అది తగ్గేది కాదు," అంటే, "మొక్కు తీర్సితివి గదనే అక్కా!" అని విడ్డూరంగా చూస్తారు. నాటకాలు అనే మాట అనొద్దని మనవరాలికి చెబితే, "నువ్వే అన్నవ్ గద నానమ్మా," అంది. దాని జడలు అదే వేసుకుంటుంది. పాపిట వంకర.

మొన్న పొద్దున అన్నం నేనే వార్చాను. గంజి చెయ్యి ఓర్చుకునేంత వేడి మీద ఉండగా గిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టాను. టీచరమ్మ మాట అరువు తెచ్చుకుని, గొంతు ఎంత తగ్గించాలో అంత తగ్గించి అడిగాను.

"ఇయ్యాల ఏమంటున్నయ్ బిడ్డా నీ చేతులు?"

దొంగతనం పట్టుబడ్డట్టు ఉలిక్కిపడింది. చేతులు కొంగు కిందికి పోయాయి.

"మంచిగనే ఉన్నయ్ అత్తమ్మా," అంది. "తగ్గింది."

గంజి మీద ఆవిరి లేస్తోంది. ఆమె చేతులు బయటికి రాలేదు. నేను ఇంకో మాట అడగలేదు. అడిగితే అదే జవాబు వస్తుంది, ఆ జవాబు నేర్పింది నేనే.

లేచి బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, వాకిట్లో కూర్చున్నాను. నేను ఎదురుగా ఉంటే ఆమె చేతులు ముంచదు. గంజి చల్లారేదాకా లోపలికి పోలేదు.