వాళ్ల నాన్న ఎన్నిక

రెండువేల ఏడులో వియత్నాంలో జాతీయ అసెంబ్లీకి ఎన్నికలు వచ్చాయి. మాంచెస్టర్‌లో నాతో ఫ్లాట్ పంచుకుంటున్న వియత్నాం అమ్మాయి ఒక ఆదివారం ఉల్లికాడలు తరుగుతూ, వాళ్ల నాన్న పోటీలో ఉన్నాడని చెప్పింది. నాకు కడుపు మండిపోయింది.

మండదా మరి? మా నాన్న మూడుసార్లు ఇండిపెండెంటుగా ఎమ్మెల్యేకి నిలబడి, మూడుసార్లూ డిపాజిట్ పోగొట్టుకున్నాడు. గుర్తు కుట్టుమిషను. బళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ నేను కుట్టుమిషన్నే. ఈమె నాన్నకేమో జీపూ మైకూ అక్కర్లేదు, దండాలు పెట్టుకుంటూ గడపగడపా ఎక్కనక్కర్లేదు. వార్డు ఆఫీసు గోడకి ఒక ఫొటో, కింద ఆయన గురించి నాలుగు ముక్కలు. అదే ప్రచారం. దేశంలో ఉన్నదే ఒక్క పార్టీ, ఆయన్ని నిలబెట్టిందీ ఆ పార్టీ పెద్దలే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని ఊరికే అన్నారా!

ఆ నెలంతా ఆమె మీద ఏడుస్తూనే ఉన్నాను. ఆమె ఫోన్‌లో నవ్వితే టీవీ సౌండ్ పెంచేదాన్ని. రేడియేటర్ మీద బట్టలు ఆరేసుకుంటే తీసి కుర్చీలో పడేసేదాన్ని. ఉండబట్టలేక మా అమ్మకి ఫోన్ చేసి చెప్పుకుంటే తిట్టిపోసింది.

"ఎవరి బాబో గెలిస్తే నీకెందుకే అంత కుళ్లు? మీ నాన్నగారు విన్నారంటే మళ్లీ నిలబడతానంటారు. పెట్టెయ్ ఫోను!"

పోలింగ్ నాటి సాయంత్రం భోజనాల దగ్గర ఇంక ఆగలేకపోయాను. "ముందే కంగ్రాట్స్ చెప్పెయ్యనా? మీ నాన్న ఓడేది ఎలాగూ లేదుగా," అన్నాను.

"ఓడిపోతారు," అంది ఆమె, అన్నం పెట్టుకుంటూ. "మూడు సీట్లకి ఐదు పేర్లు. వద్దనుకున్న ఇద్దరి పేర్లూ ఓటర్లు కొట్టెయ్యాలి. ఆ ఇద్దరూ ఎవరో మా ఊళ్లో ముందే అందరికీ తెలుసు. మా నాన్న బడిపంతులు, గెలిచే ముగ్గురూ పెద్ద ఆఫీసర్లు. పేర్లు తక్కువయ్యాయని ఈయన్ని అడిగారు. కాదనగలరా?"

"మరి ఆయన ఓటు?"

"తన పేరు తనే కొట్టేసుకున్నారట. పొద్దున ఫోన్‌లో చెప్పారు."

ముందు నాకు హాయిగా అనిపించింది. ఆ తర్వాత మా నాన్న మూడుసార్లు నిలబడి ఓడిన సంగతి ఆమెకి చెప్పేశాను.

"మీ నాన్న కూడా తెలిసే నిలబడేవారా?" అని అడిగింది.

"లేదు. మూడుసార్లూ గెలుస్తాననే అనుకున్నాడు. లెక్కింపు రోజు తెల్లారకముందే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు." నవ్విద్దామనే చెప్పాను.

ఆమె నవ్వలేదు. "మూడుసార్లూనా?" అంటూ నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. కుళ్లుకుంటోందని తెలిసిపోయింది. నెలరోజులుగా అదే పనిలో ఉన్నదాన్ని, ఆ చూపు నాకు తెలియదా?