ఆరు నెలలకొకసారి ఆయిలు

మా తోడల్లుడు పోయాడన్న వార్త నాకు ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్లో అందింది. జమ్మలమడుగులోని తన బట్టల దుకాణం షట్టరు ఎత్తుతూ కూలిపోయాడనీ, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందనీ నా మరదలు ఫోనులో చెప్పింది. అప్పుడు నేను వంకాయలు ఏరుతున్నాను. ఆ క్షణంలో నా మనసులో మొదట మెదిలినది దుఃఖం కాదు. “అత్తగారు ఇక ఎవరి దగ్గర ఉంటారు?” అన్న ప్రశ్న. దుఃఖం దాని వెనుక వచ్చింది. ఈ నాలుగు మాటలు రాయటానికి కూర్చున్నప్పుడు ఆ వరుసను మార్చి రాద్దామనుకున్నాను. చేయి రాలేదు.

మా అత్తగారికి ఇద్దరు కూతుళ్లు, కొడుకులు లేరు. పెద్దామె నా భార్య, చిన్నామె ఆయన భార్య. పులివెందులలో మామగారు కాలం చేశాక, అత్తగారు ఆరు నెలలు ప్రొద్దుటూరులో మా ఇంట, ఆరు నెలలు జమ్మలమడుగులో వాళ్ల ఇంట ఉండేటట్లు మేమిద్దరం ఒప్పుకున్నాం. ఆ మాట అనుకున్న రోజున నేను “వంతు” అన్నాను. ఆయన చప్పున నా చేయి నొక్కి, లోపలి గదివైపు చూశాడు.

“మెల్లగన్నా. వంతులేసుకునేకి ఆమేమన్నా నీళ్ల ట్యాంకరా?”

ఆయన నాకంటె చిన్నవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. చదువు పెద్దగా సాగలేదు. నేను జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. తప్పు వింటే చెవిలో ముల్లు గుచ్చుకున్నట్లుంటుంది నాకు. ఒకసారి ఆయన దుకాణం బోర్డు మీద ఒత్తు లోపించిందని, బేరమాడుతున్న ఆడవాళ్ల ముందే చెప్పాను. కొద్ది రోజులకే బోర్డు మారింది. “మా అన్న దిద్దినాడు. ఇంగ తప్పు బట్టేకి మొనగాడు పుట్టల్ల” అని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాడట. అది ఎగతాళి కాదు, ఆయనకు నిజంగానే గర్వం. ఆ సంగతి నాకు అప్పుడు సంతోషం కలిగించింది. ఇప్పుడు తలచుకుంటే తల ఎత్తబుద్ధి కాదు.

గుడ్డ కోసేటప్పుడు కొలతకు ఒక వేలెడు అవతలే కత్తెర పెట్టేవాడు. ఎందుకని అడిగాను.

“తక్కువైతే మనిషి మళ్లొచ్చి అడిగేకి సిగ్గుపడతాడన్నా. ఆ సిగ్గు మన అంగట్లో ఎందుకు పడాల?”

కొన్నేళ్ల క్రితం ఆయన హైబ్రిడ్ కారు కొన్నాడు. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు అది చాలావరకు బ్యాటరీ మీదే నడుస్తుంది. వేగం పెరిగితే ఇంజను తనంతట తాను అందుకుంటుంది, ఆగితే తానే ఊరకుంటుంది. మొదటిసారి ఎక్కిన రోజున రైల్వే గేటు దగ్గర చప్పుడు ఆగిపోయేసరికి మా అత్తగారు కంగారుపడ్డారు.

“బండి సచ్చిపోయినాది సూడప్పా!”

“సావలేదత్తా, కునుకు దీస్తాంది. నువ్వు గట్టిగ అరిసి లేపొద్దు.”

ఆ కారుకు ఆయన ఆరు నెలలకొకసారి ఆయిలు మార్పించేవాడు. అందుకు ప్రొద్దుటూరులోనే మైదుకూరు రోడ్డు పక్కనున్న షెడ్డుకు వచ్చేవాడు. ఒక విడత అత్తగారు పక్కన ఉండేవారు. షెడ్డులో పని అయ్యేసరికి మాపటేళ అవుతుందని మా ఇంట భోజనం. భోజనమయ్యాక, “అక్క ఇంట్లో నాలుగు దినాలు ఉండత్తా, నేను మళ్లొస్తా” అనేవాడు. ఆ నాలుగు దినాలే ఆరు నెలలయ్యేవి. ఆరు నెలలకు మళ్లీ ఆయిలు. “కొత్త ఆయిలు పోసినారు, ఇంజను ఎట్ల పలుకుతాదో సూద్దాం, జమ్మలమడుగు దంకా ఒక తిప్పు పోదాం రా అత్తా” అని ఎక్కించుకొని పోయేవాడు. రెండిళ్లలోనూ ఆమె చీరలు ఒక జత తక్కువ కాకుండా తానే తెచ్చి పెట్టేవాడు. అందువల్ల ఆమె ఏనాడూ సంచి సర్దుకొని ఒక ఇంటి గడప దిగి మరో ఇంటి గడప ఎక్కలేదు.

ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. నాకు కనిపించినది మాత్రం దుబారా.

కారుతో ఇచ్చిన పుస్తకాన్ని ఆయన తెరిచి చూడలేదు. నేను అట్టనుండి అట్టదాకా చదివాను. పది వేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, రెంటిలో ఏది ముందైతే అప్పుడు మార్చాలని అందులో స్పష్టంగా ఉన్నది. కిందటేడు ఆయన ఆయిలు మార్పించి, అత్తగారిని జమ్మలమడుగు తీసుకుపోవటానికి మా ఇంటికి వచ్చిన రోజున, ఆ పుస్తకాన్ని కారులోనుండి తెప్పించి వసారాలో విప్పాను. అత్తగారు పక్కనే కూర్చొని గోంగూర ఒలుస్తున్నారు.

“పది వేలు ఎక్కడ, నీ బండి తిరిగినది ఎక్కడ? పైగా సగం దూరం బ్యాటరీదే. ఆరు నెలలకే కందెన మార్చటంలో అర్థమేమిటి?”

“కందెన అంటే మా మెకానిక్కు కాటుక అనుకుంటాడన్నా. ఆయిలు అను.”

“మాట దాటవేయకు. సమాధానం చెప్పు.”

ఆయన తల గోక్కున్నాడు. “అది మాటిమాటికి లేస్తాంది, పండుకుంటాంది. సరిగ్గా వేడెక్కకముందే నిలబడిపోతాంది. అట్లాంటి ఇంజనుకు ఆయిలు మంచిగుంటే మేలు గదా.”

“ఆ సంగతి ఆలోచించే ఏడాది అని గడువు పెట్టారు. ఆరు నెలలని ఎక్కడున్నది? చూపించు!”

గోంగూర ఒలుస్తున్న చేయి ఒక్కసారి ఆగింది. ఆయన ఆ చేతివైపు చూశాడు, నావైపు చూశాడు. తరువాత నవ్వాడు.

“సరేలేన్నా. సదివినోనితో వాదమేంది. ఇంగ ఏడాదికే మారుస్తా.”

వాళ్లిద్దరూ జమ్మలమడుగు బయలుదేరాక, ఆ రాత్రి భోజనంలో నా వాదం ఎలా నెగ్గిందో నా భార్యకు రెండుసార్లు చెప్పాను.

నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ కారుకు ఏడాది గడువు చాలు. అయినా ఆరు నెలలు గడిచాయి, కారు రాలేదు. నా భార్య అడిగింది, “అమ్మను మనం పోయి పిల్చుకొని రావల్ల గదా?” అని. “వాళ్లే తీసుకొస్తారులే” అన్నాను. పొద్దున్నే పెద్ద చప్పుడుతో భజనలు వినే మనిషి ఇంట్లో లేకపోవటం నాకు హాయిగా ఉన్నది. పత్రిక నిశ్శబ్దంగా చదువుకోగలుగుతున్నాను. ఆయన ఫోను చేసినప్పుడల్లా నా మోకాలి నొప్పి గురించి అడిగాడు. అత్తగారి ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అలా మరి నాలుగు నెలలు గడిచాయి. ఆయన పోయింది అప్పుడే.

కర్మదినాలు ముగిసిన నాడు, జమ్మలమడుగులో వాళ్ల వాకిట్లో దుమ్ము పట్టి నిలబడిన కారును చూసి, ఏదో ఒకటి మాట్లాడాలని నా మరదలితో అన్నాను: “ఆయిలు గడువు దగ్గరపడుతున్నది. నేను చూసుకుంటాను.”

ఆమె కారువైపు చూసి, నావైపు తిరిగింది.

“బావా, ఆయప్ప కారు కోసం ఆయిలు మార్పిస్తాండె అనుకుంటివా?”

నేను కారు అద్దం మీది దుమ్మును చేత్తో తుడవసాగాను.

“అమ్మకు ఏం జెప్పి మీ ఇంటికి పిల్చుకొని పోవల్లో తెలీక పెట్టుకున్న పని అది. ఈడ చాలు, ఆడికి పో అని ఆమెకు అనిపించగూడదని. నువ్వు పుస్తకం దీసినంక ఇంటికొచ్చి ఒకటే నవ్వు. ‘ఇంగ అత్తకు ఏం జెప్పల్ల? అన్నకు పనులుంటాయేమో, మన కాడ్నే ఉండనీలే’ అన్యాడు. నీకు చెప్తానంటే వద్దన్యాడు. ‘అన్న సిన్నబోతాడు’ అన్యాడు.”

అక్కడినుండి లోపలి గదికి పది అడుగులు కూడా ఉండవు. ఆ దూరం నడవటానికి నాకు చాలా సేపు పట్టింది. మరదలు ఒంటరిదైంది, దుకాణమూ తానే చూసుకోవాలి. అత్తగారిని మా ఇంటికి తీసుకుపోవటం నా బాధ్యత. ఆమెతో ఆ మాట ఎలా చెప్పాలి? అల్లుడు పోయిన ఇంట్లో ఇంక చోటు లేదన్నట్లు వినపడకుండా ఏ వాక్యం కట్టాలి? అన్నేళ్లు వాక్యాలు దిద్దినవాడికి ఒక్కటీ కుదరలేదు.

“అత్తయ్యా, మీరు...” అని నిలబడిపోయాను.

ఆమె మంచం మీదనుండి మెల్లగా లేచారు. “ఆయిలు మార్పించేకి పోతాండావా నాయనా? నేనూ వస్తా పా” అన్నారు.

నాకు కారు నడపటం రాదు. మరదలు ఒక డ్రైవరును పిలిపించింది.  సగం దారిలో అత్తగారే కిటికీలోనుండి బయటికి చూస్తూ అన్నారు.

“లోకంలో యా బండికైనా అన్నితూర్లు ఆయిలు మారుస్తారా? మొదటి తూరే తెల్సె నాకు. ఆయప్ప అంత కష్టపడి అబద్ధం జెప్తాంటే, తెల్సినట్ల కనపడితే బాగుండదని ఊరుకుంటి.”

వాళ్లిద్దరూ ఒకరినొకరు నొప్పించకుండా అన్నేళ్లు కాపాడుకున్న మాటను, పుస్తకం పట్టుకొని నేను వసారాలో ఓడించాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

షెడ్డులో మెకానిక్కు ఇంజను తెరిచి, ఆయిలు కొలిచే పుల్ల తీసి చూసి, గుడ్డతో తుడిచాడు.

“ఏడాది కాలేదు గదా సార్. బండి కూడా తిరిగినట్ల లేదు. ఇప్పుడే ఎందుకు, దండగ. ఇంగో రెండు నెలలకు తెండి.”

నా వాదమే, నా లెక్కే. అతడు చెప్పినదాంట్లోనూ తప్పు లేదు. అత్తగారు నావైపు చూడకుండా, ప్లాస్టిక్ కుర్చీలో కొంగు సర్దుకున్నారు.

“మార్చెయ్యి నాయనా,” అన్నాను, “ఇకమీద ఆరు నెలలకొకసారి తెస్తాను.”

అతడు భుజాలెగరేసి కారు కిందికి దూరాడు. పాత ఆయిలు మొదట వేలంత ధారగా రేకు తట్టలోకి పడింది. తరువాత సన్నబడింది. తరువాత దారమంత అయింది. చుక్కలుగా మారాక మెకానిక్కు మూత బిగించటానికి చేయి చాచాడు. “ఉండనీ, అంతా దిగనీ” అన్నారు అత్తగారు. చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం పెరుగుతూ పోయింది. ఆమె చెంపకు చేయి ఆనించి, తరువాతి చుక్క కోసం చూస్తూ కూర్చున్నారు.