పిడికెడు అక్షింతల పరీక్ష

భిక్షం మాస్టరు ఇక లేరన్న వార్త నాకు పాల్వంచ దాటాక, అడవి అంచున ఒక పెళ్ళిపందిట్లో, మైకు చేతిలో ఉండగా చేరింది. ఫోను చేసినవాడు మా ట్రూపులో డోలకు వాయించే సైదులు. "అన్నా, మాస్టరు పొద్దుగాల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అన్నాడు. నేను నమ్మలేదు. వేదికల మీద లేనివన్నీ కల్పించి జనాన్ని నవ్వించి బతికే వ్యాఖ్యాతను నేను. ఇన్నాళ్ళకు తోటివాళ్ళంతా కలిసి నాకే ఒక కథ అల్లారనుకున్నాను. "నా సరుకు నాకే అమ్ముతున్నవారా?" అన్నాను. అవతల నుంచి సైదులు ఊపిరి మాత్రం వినిపించింది, తాళం తప్పి. తాళం తప్పని మనిషి ఊపిరి అలా వినిపించాక ఇక అడగవలసిందేమీ లేదు. మైకు పట్టుకుని నిలబడి నేను మాట్లాడకపోవడం ఎన్నడూ ఎరగని పెళ్ళివారు కరెంటు పోయిందనుకున్నారు.

తిరుమలాయపాలెం మండలంలో ఒక రైతు కుటుంబంలో పుట్టి, భజన మండలి హార్మోనియం మీద స్వరజ్ఞానం సంపాదించి, ఖమ్మం చేరి కీబోర్డు వాద్యకారుడిగా ఎదిగిన జీవితం ఆయనది. కృశగాత్రం, మితభాషణం, భుజాన ఎప్పుడూ ఉతికిన తువ్వాలు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఆయన వేళ్ళు పలికించని పందిరి లేదు. ఆయన వాద్యమాధుర్యాన్ని వర్ణించడానికి నాకంటే అర్హులున్నారు. నేను చెప్పదలచింది వేరు. వాద్యాన్ని పరీక్షించడంలో ఈ ప్రాంతమంతా ప్రమాణంగా భావించిన మనిషి, చివరి ఏళ్ళలో అదే విషయంలో అపకీర్తిని మోశారు. పరీక్ష చేతగాని పరీక్షకుడన్న పేరుతో వెళ్ళిపోయారు. ఆ మచ్చ అన్యాయమైనది. దాన్ని తుడవవలసిన పని, దురదృష్టవశాత్తు, ఈ జిల్లాలో ఎవరూ నమ్మని నోటికి మిగిలింది.

కొత్త కీబోర్డు కొనాలంటే భజన సమాజమైనా, చర్చి వాళ్ళైనా, ఆర్కెస్ట్రా యజమానులైనా ముందు మాస్టరు గుమ్మం తొక్కేవారు. ఆయన మొదట స్వరం వినేవారు కారు. స్విచ్చు వేయనిచ్చేవారే కారు. పెట్టెను ఒక మూల పట్టి లేపి, ఒళ్ళు మెలితిరిగి కిర్రుమంటుందేమో చూసేవారు. వేళ్ళతో నొక్కే ఒక్కొక్క మెట్టునూ పక్కకు నెట్టి, పన్ను ఊగినట్టు ఊగుతుందేమో చూసేవారు. వెనక వైర్లు గుచ్చే రంధ్రాలు ఇనుప నట్టుతో ఒంటికి బిగించి ఉన్నాయా, లోపలి అట్టకు అతికి వేలాడుతున్నాయా అని వేలితో తడిమేవారు. "పాట షాపుల అందరు ఇంటరు. పెట్టె బతికేది మాత్రం జీపు మీద" అనేవారు. అన్నీ అయ్యాక అక్షింతల పరీక్ష.

ఆ పరీక్ష పుట్టుకకు నేనే సాక్షిని. సత్తుపల్లి వైపు ఒక పెళ్ళిలో వధూవరుల మీద చల్లిన అక్షింతలు సగం మా మీద పడ్డాయి. వాద్యాల మీద పడితే మంచిదని పెద్దలు ఇంకో దోసెడు చల్లారు. ఒక గింజ మెట్టు సందులో దూరి, నొక్కిన మెట్టు పైకి లేవలేదు. అప్పగింతలు మొదలయ్యేసరికి ఒకే స్వరం ఆగకుండా ఏడుస్తోంది. అది మా విషాదగీతమనుకుని పెళ్ళివారు రెట్టింపు ఏడ్చారు. పెళ్ళికొడుకు కూడా ఏడ్చాడనీ, అతన్ని ఓదార్చి జీపెక్కించడానికి పెళ్ళికూతురు రావలసి వచ్చిందనీ నేను వేదికల మీద చెబుతుంటాను. పెళ్ళికొడుకు ఏడ్చింది నిజం కాదు. గింజ నిజం.

నాటినుంచి మాస్టరు ఏ పెట్టెనైనా పిడికెడు పసుపు బియ్యం చల్లకుండా ఖాయం చేయలేదు. చల్లి, రెండు చేతులా ఈ చివరి నుంచి ఆ చివరికి గట్టిగా వాయించి, పెట్టెను నిలువునా నిలబెట్టి, చెవి ఆనించి ఊపేవారు. లోపల గలగలమంటే ఆ పెట్టె వచ్చిన దారినే వెళ్ళిపోయేది.

ఇక మాస్టరు సత్యనిష్ఠ. ఆ జబ్బు వల్ల నేను పడిన బాధలు ఇన్నీ అన్నీ కావు. ఇప్పపూల కాలంలో భద్రాచలం అడవిదారిలో మా జీపు ఆగిపోయినప్పుడు ఎలుగుబంటి ఒకటి వచ్చి, కీబోర్డు మీద మోహనరాగం వాయించి, పారితోషికంగా ఇప్పపూలు అడిగిందని నేనొక సభలో చెబుతున్నాను. జనం పడీపడీ నవ్వుతున్నారు. మాస్టరు కీబోర్డు వెనక నుంచి మెల్లగా దగ్గి, "ఎలుగు రాలే. పంది వచ్చింది. అది గూడ మమ్ముల జూసి జల్దీ పోయింది" అన్నారు. సభ ఇంకా పెద్దగా నవ్వింది, ఈసారి నన్ను చూసి. కిందికి దిగాక నిలదీశాను.

"మాస్టరూ, పందిని ఎలుగు చేస్తే మీ సొమ్మేం పోయింది?"

"పందికి అన్యాయం గదరా" అన్నారు.

అటువంటి మనిషి చెప్పిన ఒకే ఒక్క అబద్ధం గురించి ఇప్పుడు చెప్పాలి.

ఏడేళ్ళ కిందటి మాట. మా ట్రూపు యజమాని సుబ్బారావుగారు కోస్తా నుంచి వచ్చి వైరా దగ్గర వ్యవసాయం చేసి, పాట మీద ప్రేమతో ట్రూపు పెట్టిన సహృదయులు. కానీ సహృదయానికీ ఖర్చులుంటాయి. వర్క్‌స్టేషన్ అని కొత్త రకం కీబోర్డు వచ్చింది. తబలా, డోలకు, ప్యాడ్లు అన్నీ అందులోనే మోగుతాయి. ఫ్లాపీలో పాట పెట్టుకుంటే ఒక్క మనిషి పది మంది పెట్టు. "మాస్టారు ఊఁ అంటే కొనేస్తానండీ. ఇక డోలకు అక్కర్లేదు" అన్నారు సుబ్బారావుగారు. ఆ మాట అన్నప్పుడు సైదులు ఎదురుగానే ఉన్నాడు. మిర్చి యార్డులో బస్తాలు మోసి నడుము విరిగాక అతనికి మిగిలిన బతుకుతెరువు ఆ డోలకు ఒక్కటే. అతను డోలకు తాళ్ళు బిగిస్తూ కూర్చున్నాడు, అవి బిగిసే ఉన్నా.

ఖానాపురం హవేలిలో మేము సాధన చేసే కిరాయి గదికి షాపు ప్రతినిధి ఆ పెట్టెను తెచ్చాడు. మాస్టరు నేల మీద దుప్పటి పరిచి పరీక్ష ఆరంభించారు. టార్చి పట్టుకుని పక్కన నేను. మిగతావాళ్ళు ఆయన వీపు వెనక. మూల పట్టి లేపారు, కిర్రుమనలేదు. ఇనుప ఒళ్ళు. మెట్లు నెట్టారు, ఒక్కటీ ఊగలేదు. రంధ్రాలు తడిమారు, అన్నిటికీ నట్లు. ఫ్లాపీ మూత సైతం బొటనవేలికి లొంగలేదు. మాస్టరు ముఖం వెలిగిపోతోంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అలా చూసి ఉండరు. అక్షింతలు చల్లారు. వాయించారు. నిలబెట్టి ఊపారు. గింజలన్నీ దుప్పటి మీదికి జారిపోయాయి. టార్చి వేసి చూశాను. నూక గింజ కూడా దూరే సందు లేదు.

అప్పుడు షాపాయన ఉత్సాహం ఆపుకోలేక ముందుకొచ్చి ఒక మీట నొక్కాడు. డోలకు మోగింది. అచ్చం డోలకే, అలుపు లేకుండా. మూల నుంచి సైదులు నవ్వాడు. "అరె, నా కన్న మంచిగ కొడ్తున్నది గదనే! దీనికి చాయ్ గూడ పొయ్యనక్కర్లే" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టరు నవ్వలేదు. చాలాసేపు మెట్ల మీద చెయ్యి ఆనించి కూర్చుని, వెనక్కి తిరగకుండానే అన్నారు:

"వద్దు సుబ్బారావుగారూ. గింజలు లోపటికి పోతున్నయి. మన తొవ్వలకు ఇది ఆరు నెలలు ఆగదు."

"అయ్యో, ఇదేంటండీ, ఇంకోసారి చూడండి" అని షాపాయన మొత్తుకున్నాడు. సుబ్బారావుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "మాస్టారు చూశారుగా. అయిపోయింది. తీసుకెళ్ళండి బాబూ."

పెట్టెను తిరిగి సర్దింది మాస్టరే. భుజం మీది తువ్వాలు తీసి, పైనున్న పసుపు మరకలన్నీ మెట్టు మెట్టుకూ తుడిచారు. స్నానం చేయించిన పసిబిడ్డను తుడిచినట్టు తుడిచారు. పనికిరాని పెట్టెను ఎవరూ అలా తుడవరు.

చాయ్ బండి దగ్గర అడిగాను. "మాస్టరూ, అబద్ధం చెప్పిన్రు గదా?"

"అవ్."

"ఎందుకు?"

"ఆ పెట్టెకు ఈ ఇల్లు గాకపోతే ఇంకో ఇల్లు. సైదులుకు?" గ్లాసు కింద పెట్టి నా వైపు చూశారు. "ఇది నీ కథలల్ల కలపకు. వానికి తెలిస్తే డోలకు ముట్టడు."

ఆ పెట్టెను కొత్తగూడెం వైపు ట్రూపు ఒకటి కొన్నది. ఆరు నెలలు గడిచాయి. ఏడాది గడిచింది. అది జీపు మీది నుంచి పడింది, వానలో నానింది, జనరేటరు కరెంటు దెబ్బలు తిన్నది, మోగుతూనే ఉంది. మాస్టరు వద్దన్న రకాన్ని సుబ్బారావుగారు మళ్ళీ తలపెట్టలేదు; మాస్టరు మెట్లు ఊగే పాత కీబోర్డు మీదే వాయిస్తూ పోయారు. కళాకారుల లోకంలో జాలి తక్కువ, జ్ఞాపకశక్తి ఎక్కువ. "ఆరు నెలల మాస్టరు" అని పేరు పెట్టారు. పరీక్షకు పిలిచేవారు తగ్గి, తగ్గి, ఆగిపోయారు. గుమ్మం ముందు కొత్త పెట్టె దిగని ఆ ఏళ్ళలో, మాస్టరు సాయంత్రాలు గుమ్మంలోనే కూర్చునేవారు. అన్నిటికన్నా గుచ్చుకున్నది, ఎక్కువ ఆటపట్టించినవాడు సైదులే కావడం. ఎదురైనప్పుడల్లా, "మాస్టరూ, ఆరు నెలలు ఇంక గాలేదా ఏంది?" అనేవాడు. మాస్టరు నవ్వి, "నీ క్యాలెండరే తప్పురా" అనేవారు. నా నాలుక ఎన్నిసార్లు దురదపెట్టిందో! ఆయన ఒక్క చూపు చూసేవారు, నేను ఎలుగుబంటి కథలోకి పారిపోయేవాణ్ణి.

మాస్టరు దినాల నాడు ఆ కొత్తగూడెం ట్రూపు వాళ్ళు భజన పాటలు వాయిస్తామని, అదే పెట్టె తెచ్చారు. వంటల దగ్గర సైదులు పక్కన కూర్చుని, ఇక ఆగలేక, జరిగిందంతా చెప్పేశాను. మాట తీసుకున్న మనిషి లేరు గనుక మాట చెల్లిపోయిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. సైదులు నా ముఖం చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇయ్యాల గూడ నీ కథలేనా అన్నా? సిగ్గుండాలె" అన్నాడు.

ఎలుగుబంట్ల చేత రాగాలు వాయింపజేసిన నోటికి ఒక్క నిజాన్ని నిలబెట్టే సత్తువ లేకపోయింది.

కాసేపటికి సైదులే లేచాడు. వంటకు విప్పిన బియ్యం బస్తాలోంచి పిడికెడు తీసుకుని వేదిక దగ్గరికి నడిచాడు. "ఏందే, ఏం జేస్తున్నవ్!" అని ఆ ట్రూపు కళాకారుడు అరుస్తూనే ఉన్నాడు. సైదులు బియ్యం చల్లాడు. రెండు చేతులా వాయించాడు. పెట్టెను నిలబెట్టి, చెవి ఆనించి ఊపాడు. ఏడేళ్ళు కొండదారులు తిరిగిన పెట్టె. గింజలన్నీ నేల మీదికి జారాయి. లోపల నిశ్శబ్దం. మళ్ళీ చల్లాడు, మళ్ళీ ఊపాడు. ఒక పెట్టె ఎన్నాళ్ళు ఆగుతుందన్న అంచనా ఎవరికైనా తప్పవచ్చు. దూరని గింజ దూరిందని మాస్టరు కళ్ళు పొరబడవు. అది సైదులుకు నేను చెప్పనక్కర్లేకపోయింది.

"గింజ పోతలేదన్నా" అన్నాడు. పెట్టె పక్కన కూలబడ్డాడు. "అందరికంటె ఎక్కువ నేనే నవ్వితి గదన్నా..."

తర్వాత భుజం మీది తువ్వాలు తీసి మెట్టు మెట్టుకూ తుడవసాగాడు. ఎవరూ అడ్డుకోలేదు.

భిక్షం మాస్టరూ, మీ తర్వాత ఈ ప్రాంతంలో కొత్త పెట్టెలు ఎన్నో వస్తాయి. తళతళలాడతాయి, గొప్పగా మోగుతాయి. వాటి ఒళ్ళు తట్టి, సందులు చూసి, వాటి వల్ల ఎవరి చేతులు ఖాళీ అవుతాయో కూడా చూసి తీర్పు చెప్పేవారు ఇక లేరు. నేను జీవితమంతా చెప్పిన అబద్ధాలన్నీ పోగేసినా ఒక్క పొయ్యి కిందా నిప్పు పుట్టలేదు. మీ ఒక్క అబద్ధం ఒక ఇంటి పొయ్యిని ఏడేళ్ళు ఆరనివ్వలేదు. ఈ విద్యలో కూడా మీరే నాకు గురువులు. సాష్టాంగంగా నమస్కరిస్తున్నాను.

అన్నట్టు, ఆనాడు వచ్చింది ఎలుగుబంటి కాదు. పందే. ఇకముందు ప్రతి సభలోనూ అలాగే చెబుతాను.