కొండపల్లి ఫ్లాపీ డ్రైవు

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటరు ఉండటమంటే, ఒకరంటే ఒకరికి పడని అరడజను మంది చుట్టాలను ఒకే గదిలో కాపురం పెట్టించడమే. ఒక కంపెనీ కీబోర్డు పిన్ను ఇంకో కంపెనీ కన్నంలో దూరేది కాదు. ప్రింటరైతే అసలు పెట్టెతో మాటే కలిపేది కాదు. అయినా ఆ చిక్కుల్ని తలచుకుని ఇప్పటికీ మురిసిపోతుంటాను. కొండపల్లిలో మా వీధి మొత్తానికి మొదటి కంప్యూటరు మాదే మరి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసే నాన్న, ఎవరో వాడి వదిలేసిన పెట్టెను నా డిగ్రీ చదువు కోసమని తెచ్చి హాల్లో పెట్టాడు. అమ్మ దాని మీద కుట్లు కుట్టిన గుడ్డ కప్పింది (దుమ్ముకన్నా దిష్టికే ఎక్కువ భయం ఆవిడకి).

చిక్కల్లా, రాసింది దాచుకునే ఫ్లాపీలతో వచ్చింది. మా పెట్టె అప్పడమంత పెద్ద ఫ్లాపీలే తీసుకునేది. విజయవాడలో మా కాలేజీ కంప్యూటర్లేమో అరచేతిలో ఇమిడే చిన్నవి తప్ప ముట్టేవి కావు. ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా, ఏ ఊరికి ఏ బస్సు ఎప్పుడుందో చెప్పే ప్రోగ్రాము ఇంట్లో కూర్చుని రాశాను. దాన్ని కాలేజీలో చూపించకపోతే ఏడాది పోయినట్టే. నాన్న బెజవాడంతా తిరిగి చిన్న ఫ్లాపీలు తీసుకునే డ్రైవు ఒకటి పట్టుకొచ్చాడు. తీరా చూస్తే పెట్టెకున్న కన్నం పెద్దది, డ్రైవు చిన్నది. ఫ్లాపీ నెడితే డ్రైవు కూడా దాంతోపాటు లోపలికి పోయేది. రెండింటి మధ్యా పట్టే చట్రం ఏ దుకాణంలోనూ దొరకలేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు పక్కింటి బొమ్మల తాత. జీవితమంతా కొయ్యబొమ్మలు చెక్కిన మనిషి. కంప్యూటరు ముందు బాసింపట్టు వేసుకుని, స్కేలు అడక్కుండా వేళ్ళతోనే కొలిచి, మర్నాటికల్లా తెల్ల పొణికి చెక్కతో చట్రం చేసి బిగించాడు. ఇక డ్రైవు కదిలితే ఒట్టు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి దానికి ఎర్రరంగు వేసి పచ్చ అంచు కూడా దిద్దేశాడు. "తెల్లచెక్క అట్టా వదిలేస్తే బోసిగా ఉంటదమ్మాయ్" అన్నాడు. రంగు కలవాలని, ఫ్లాపీ బయటికి రావడానికి నొక్కే బటనుకూ రెండు పూతలు వేశాడు. భలే ఉందని నేనూ మెచ్చుకున్నాను (డిగ్రీ ఆఖరి ఏడాది తెలివి).

పరీక్ష ముందురోజు ప్రోగ్రామును ఫ్లాపీలోకి ఎక్కించి బటను నొక్కాను. కదల్లేదు. రంగు ఎండి దాన్ని గట్టిగా అతికించేసింది. అమ్మ కొబ్బరినూనె తెచ్చింది. నాన్న పట్టకారు తెచ్చాడు గానీ, ఫ్లాపీ పాడవుతుందని నేను అడ్డుపడ్డాను. చివరికి ముగ్గురం తేల్చిందేమిటంటే, ఫ్లాపీ రాకపోతే పెట్టెనే పట్టుకెళ్ళాలని. మర్నాడు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, కండక్టరు టీవీ అనుకుని, అద్దం ఏదమ్మా అని అడిగాడు.

కాలేజీ మానిటరు నా అదృష్టం కొద్దీ మా పెట్టెకు పట్టింది. కానీ బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు ప్రోగ్రాము వైపు చూడనే లేదు. ఆయన చూపంతా ఎర్ర చట్రం మీదే. వెనక నా తోటివాళ్ళు నవ్వు ఆపుకోలేక చస్తున్నారు.

"ఇది ఏ కంపెనీదమ్మా?" అని అడిగాడాయన.

సింగపూరు నుంచి తెప్పించామని నోటిదాకా వచ్చింది. అంతలో పచ్చ అంచు మీద తాత వేలిముద్ర కనబడింది. నా సిగ్గు మీద నాకే కోపం వచ్చింది.

"కంపెనీది కాదండీ. కొండపల్లిలో మా పక్కింటి తాత చెక్కాడు. ఏ దుకాణంలోనూ మా పెట్టెకు పట్టేది దొరకలేదండీ, ఇదొక్కటే పట్టింది."

ఆయన చట్రాన్ని తట్టి, కదిపి చూసి, పక్కగదిలోని లెక్చరర్లనందరినీ పిలిచి చూపించాడు. ఆ తర్వాతే గుడివాడ బస్సు ఎన్నింటికని అడిగాడు. నా ప్రోగ్రాము తప్పులేకుండా చెప్పింది. పాసయ్యాను.

సాయంత్రం ఇదంతా చెబుతుంటే తాత ఉలి పక్కన పెట్టి విన్నాడు. లెక్చరర్లు కూడా వచ్చి చూశారంటే కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ ఉలి అందుకుంటూ, "అంత బరువు ఎందుకు మోసుకుపోయావమ్మాయ్?" అన్నాడు.

"నువ్వు చేసింది అందరికీ చూపిద్దామని తాతా" అన్నాను.

ఇంట్లో ప్రతి మాటకీ ఎదురు చెప్పే ఆ పొగరుబోతు పిల్లకు ఆ క్షణాన ఆ అబద్ధం ఎలా తోచిందో గానీ, తలచుకున్నప్పుడల్లా అప్పటి ఆ నన్ను దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది.