నీళ్లు పోని పెరడు

నా భార్య పోయిన ఏడాదే మా వైపు ఎన్నడూ లేనంత వాన పడింది. యుద్ధం జరుగుతున్న రోజులవి. రాయచోటికి దగ్గరి పల్లెలో, మిషను బడిలో నేను చదువు చెప్పేవాణ్ణి. ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాము. ఆమె నాకు మేనత్త కూడా. కూతుర్ని సమాధి చేశాక కొడుకు వచ్చి తన వెంట రమ్మంటే ఆమె వెళ్లలేదు.

"ఈడ పాదులుండాయి. వాటికి నీళ్లెవరు పోస్తారు?" అంది.

వానలు మొదలయ్యాక క్రిస్మసు దాకా పాదులకు నీళ్లు పోయవలసిన పనే పడలేదు.

పెరటిలోని సొరపాదు నా భార్యది. విత్తనం పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఆ కాయ పొట్టిగా, మెడ లేకుండా ఉంటుంది. ఎంత ఎండలోనైనా చేదెక్కదు. ఒక కరువులో ఆమె పుట్టిన ఊళ్లో ఆ రకం పోయింది. మా పెరట్లోనే మిగిలింది. చివరి వేసవిలో, జ్వరం రాక ముందు, ఆమె గింజలను పేడలో ఒత్తి పిడకలుగా పడమటి గోడకు కొట్టింది. విత్తనానికి పురుగు పట్టకుండా మా వైపు అట్లాగే దాస్తారు.

పెరటి వాటం కూడా ఆమె చేసిందే. స్నానాల బండ దగ్గరి నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు, మిద్దె మీది నుంచి పడే వాననీళ్లు అన్నీ ఒక సన్నని కాలువలో కలిసి సొరపాదుకు చేరేవి. పాదు గుంటలాగా లోతుగా ఉండేది. దాని దిగువన మూరెడు ఎత్తు మట్టికట్ట. చుక్క కూడా బయటికి పోయేది కాదు. వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసి, తమ ఇళ్లలోనూ అట్లాగే చేసుకున్నారు.

తొలి వానకు అత్త కొన్ని పిడకలు విరిచి గింజలు నాటింది. మొలిచాయి. తరువాత ముసురు పట్టింది, విడవలేదు. పాదు నిండింది. నీరు ఇంకలేదు. ఆకులు పసుపుబారి, కాడలు మొదట్లో మెత్తబడి పడిపోయాయి. మళ్లీ నాటింది. మళ్లీ కుళ్లాయి. వంగ, మిరప కూడా అంతే. మెంతికూర మొలకలను నత్తలు తిన్నాయి. మిద్దె కారుతుంటే చౌడుమన్ను మోసి పైన పోయడం, అయినా కారుతుంటే కింద గిన్నెలు పెట్టడం, సెలవు దినాలు దీనితోనే గడిచాయి. కట్టెలు తడిసి పొయ్యి అంటుకునేది కాదు. నాకు తిండి మీద పెద్ద ఆశ లేదు. కాని ఆమె పెంచినవి ఒక్కొక్కటే కుళ్లుతుంటే కోపం వచ్చేది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలిసేది కాదు.

ఒక ఉదయం పార తీసుకుని కట్టకు గండి కొట్టాను. పాదులోని నీళ్లు వీధిలోకి పోయాయి. బడి నుంచి వచ్చేసరికి గండి పూడి ఉంది.

"ఎవరు పూడ్చినారత్తా?"

"నేనే. నీళ్లు ఊరికే పోతాండాయి కదప్పా."

"పోవాలనే కదా కొట్టింది."

"పోతాంటే చూస్తా కూసోమంటావా?"

మరునాడు మళ్లీ కొట్టాను. మళ్లీ పూడ్చింది. విసుగెత్తి, మూడోనాడు గండి కొట్టి పారను బడికి మోసుకుపోయాను. దారిలో అంగడి శెట్టి అరుగు మీద నుంచి చూశాడు.

"ఏం అయివారూ, పిల్లోళ్లకు పాఠం చెప్తారా, మడి దున్నిస్తారా?"

"ఇంట్లో పెడితే మా అత్త గండి పూడుస్తాది."

"పూడ్చదా మరి? మా ఇంట్లో ఆమె మిద్దె కారే నీళ్లు గూడా బిందెకు పట్టుకుంటాండాది. వద్దంటే, ఎండాకాలం నువ్వు మోసుకొస్తావా అంటాది."

సాయంత్రం వచ్చి చూస్తే గండి పూడే ఉంది. పార లేదు కనుక కాలితో తోసింది. వేళ్ల గుర్తులు తడి మట్టిలో కనిపిస్తున్నాయి.

ఆ వారమే గాలి తిరిగి జల్లు పడమటి గోడను కొట్టింది. గోడ నానింది. తెల్లవారి చూస్తే పిడకలు ఉబ్బి, వాటిలోంచి తెల్లని మొలకలు వంగి బయటికి వచ్చాయి. చివరి గింజలు అవే. ఇవి కూడా కుళ్లితే ఆ సొర ఇక ఎక్కడా ఉండదు.

అత్త మొలకలను పేడతో సహా ఊడదీసి చాటలో పెట్టుకుంది. పాదు వైపు నడిచింది.

"పాదులో పెడితే ఇవి గూడా పోతాయి," అన్నాను. "కట్ట తీసేసి, ఆ మన్ను గుంటలో ఎత్తుగా పోద్దాం. పైన నాటుదాం."

"ఆ కట్ట నా బిడ్డ కట్టింది."

"తెలుసు."

"నువ్వు యాడ చూసినావు? నువ్వు బడికి పోయినావు. మన్ను అందిచ్చింది నేను."

ఆమె గండి పూడ్చింది నీళ్లు పోతున్నాయని మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన వాన ఆగలేదు. మొలకలు చాటలో ఎక్కువ సేపు నిలిచేవి కావు.

"కట్ట కావాలంటే విత్తనం లేదత్తా. రెండూ నిలవవు." గట్టిగానే అన్నాను.

ఆమె చాట నా చేతికిచ్చి పార తీసుకుంది. కట్టను తానే తవ్వింది. నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. తవ్విన మన్ను గుంటలో పోసి ఎత్తు చేసింది. మొలకలు దాని మీద నాటాము. నీళ్లు వీధిలోకి పోతున్నంత సేపూ ఆమె అటు వీపు పెట్టి కూర్చుంది.

చాలా మటుకు పోయాయి. ఒక తీగ నిలిచింది. పూలు వానకు రాలాయి. వచ్చిన పిందెలు కొసన నల్లబడి కుళ్లాయి. వాన వెలిశాక కాసిన కాయ ఒకటి దక్కింది. కోసుకుని తినాలని నాకూ ఉండింది, ఆమెకూ ఉండింది. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. ముదిరి ఎండేదాకా తీగకే వదిలాము.

వేసవి మొదట్లో అత్త దాన్ని పగలగొట్టి గింజలు గిన్నెలోని నీళ్లలో వేసింది. తాలుగింజలు తేలుతాయి, గట్టివి మునుగుతాయి.

"తేలినాయి," అంది.

గిన్నెను వేలితో కలిపింది. కొన్ని మెల్లగా మునిగాయి. వాటిని తుడిచి ఆరబెట్టి, పేడలో ఒత్తింది. ఈసారి గోడకు కొట్టలేదు. పొయ్యి పైన ఉట్టిలో పెట్టింది.

ఆ ఏడు ఎప్పటిలాగే వాన లేదు. మొలిచిన సొరకు ఇంట్లో వాడిన నీళ్లే దిక్కు. గుంట మళ్లీ తవ్వాము. కట్ట మళ్లీ కట్టవలసి వచ్చింది. ఆమె చెబుతుంటే నేను మన్ను వేసి మెత్తాను. ఎంత మెత్తినా ఒక మూల నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"నా బిడ్డ కట్ట ఇట్ల కారేది కాదు," అంది అత్త. కారే చోట పాదం అడ్డం పెట్టి నిలబడింది. "పొయ్యప్పా, ఇంకో బిందె."