గీత లేని రికార్డు

మావారు మొంబాసాలో పనిచేసేటప్పుడు కొన్న స్వాహిలీ పాట రికార్డు ఇల్లు మారినప్పుడు విరిగిపోయింది. అందరూ క్యాసెట్లు కొనే ఈ రోజుల్లో మా అబ్బాయి సెలవు దొరికినప్పుడల్లా ఆఫ్రికా వెళ్ళి దానికోసమే వెతికాడు. చివరికి జాంజిబార్‌లో దొరికితే ఈ రోజు దోహాలో మా ఇంటికి తెచ్చాడు.

పాత రికార్డు మీద ఒక గీత పడి, ముల్లు అక్కడే చిక్కుకుని, ఒక మాట మూడుసార్లు వినిపించేది. ఆయన బతికున్నన్నాళ్ళూ అలాగే పాడేవారు. ఈ రోజు గీత లేని ఈ రికార్డు పెట్టినప్పుడు కూడా అబ్బాయీ నేనూ ఆ మాట మూడుసార్లు అన్నాం.

“నానమ్మా, పాట ముందుకెళ్ళిపోయింది, మీరిద్దరూ అక్కడే ఉన్నారు!” అని మనవరాలు నవ్వింది.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. “ఇది నాన్న పాట కాదా అమ్మా?”

“నాన్న పాటేరా. మనమే ఆయన లాగా తప్పు నేర్చుకున్నాం. మళ్ళీ పెట్టు.”

ఈసారి మనవరాలూ మూడుసార్లు పాడింది. ఎవరు తప్పు పలికినా ఊరుకోని నేను దిద్దలేదు. మీరైతే దిద్దేవారా?