పసుపుపచ్చ మందూ చప్పిడి పథ్యమూ

కోటేశ్వరి పొయ్యి మీద తాలింపు వేస్తే వీధి చివర అరుగు మీద కూర్చున్నవాడికి తుమ్ములొచ్చేవి. వినుకొండ దగ్గర ఆ ఊళ్లో పండుమిరపకాయ పచ్చడి పెట్టడం రాని ఇల్లాలు లేదు. అయినా చేలో కాయ ఎర్రబడే రోజులొస్తే చాలు, ఆడవాళ్లంతా కాయలూ చింతపండూ బుట్టల్లో వేసుకుని ఆమె గుమ్మంలోకే వచ్చేవాళ్లు. ఉప్పు ఆమె చేత్తోనే పడాలి. కొలతా లేదు, పాడూ లేదు. కాయల వంక ఒకసారి చూసి గుప్పెడు తీసి చల్లేసేది, అంతే, ఏడాది పొడుగునా పచ్చడి చెక్కుచెదిరేది కాదు.

ఆ చెయ్యి కావాలంటే ఆ నోరు కూడా భరించాలి. "తడి ఆరకుండా తెచ్చావేందే కాయల్ని? కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?" అని అందరి ముందూ దులిపేసేది. ఇక పెట్టిన పచ్చడికి వంక పెట్టారంటే వాళ్ల మూడు తరాలూ వీధిలోకి వచ్చేవి. కోటేశ్వరి తిట్టకపోతే పచ్చడి కుదరదని కూడా ఊళ్లో ఒక మాట ఉండేది. తిట్టించుకుని, నవ్వుకుంటూ జాడీ ఎత్తుకుపోయేవాళ్లు.

ఆమె మొగుడు యలమందయ్య తిట్లన్నిటికీ ఒకటే జవాబు చెప్పేవాడు, "ఊఁ" అని. అన్నం ముద్ద ముద్దకీ పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినే మనిషి. పెళ్లయిన కొత్తలో అతని కంచం పక్కన మిరపకాయ తొడిమల కుప్ప చూసి కోటేశ్వరి, ఈ ఇంట్లో తన వంటకు దిగుల్లేదనుకుని ధైర్యం తెచ్చుకుంది.

రెండువేల రెండులో, మిరపకోతలు జోరుగా సాగుతుండగా, కూలీలకు కూర గిన్నె దించుతూ దించుతూ కడుపు పట్టుకుని కూలబడింది. వాము నమిలించారు, వేడినీళ్లు తాగించారు. తెల్లారేసరికి మనిషి చల్లబడిపోతోంది. జీపులో వేసుకుని గుంటూరు తీసుకెళితే, పేగు మెలిపడి నల్లబడిందని చెప్పి అప్పటికప్పుడు కోశారు. చెడిన ముక్క తీసేసి కొసలు రెండూ కలిపి కుట్టారు. వారం తిరక్కుండానే ఆ కుట్టు దగ్గర చిన్న కన్నం పడి, పొట్ట మీది గాయంలోంచి కారడం మొదలుపెట్టింది.

"ఆ కన్నం దానంతటదే పూడాలి. అది పూడేదాకా నోట్లో చుక్క నీళ్లు కూడా పోయడానికి లేదు," అన్నాడు డాక్టరు రామాంజనేయులు.

"మరి తిండండీ?"

"రక్తంలోకే ఎక్కిస్తాం."

మెడ కింద, ఎముక పక్కన గొట్టం పెట్టారు. పాలలా తెల్లగా ఉండే సీసా ఒకటి, చక్కెర నీళ్ల సంచి ఒకటి, మాంసకృత్తులదట, ఇంకొకటి. కోటేశ్వరి వాటివంక చూసి మొహం తిప్పుకుంది. చావంటే ఆమెకు అంత భయం వేయలేదు. ఇక జన్మలో అన్నం ముద్ద నోట్లో పెట్టుకోనేమోనని భయం వేసింది. ఊరందరి నోటికీ రుచి పెట్టిన మనిషి, సంచులకు వేలాడే గొట్టంతో బతకాలా? పక్కగదిలో ఎవరో గోంగూర క్యారేజీ విప్పితే, ఆ వాసనకు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకు ఆ ఏడుపూ పోయింది. నాలుక ఎర్రబడి మండేది. పెదాల చివర్లు పగిలాయి. పిలిస్తే పలకడానికి కూడా ఓపిక లేక గోడవైపు తిరిగి పడుకునేది. యలమందయ్య కావాలని నీళ్లచెంబు తన్ని పడేశాడు, ఒక్క తిట్టయినా తిడుతుందేమోనని. తిట్టలేదు. అతను వరండాలోకి వెళ్లి స్తంభానికి ఆనుకుని, చేతిగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు.

"బలం వెళుతోంది గానీ విటమిన్లు వెళ్లట్లేదు," అన్నాడు డాక్టరు. "మనం కూరల్లో, పళ్లల్లో తెలియకుండానే తినేస్తాం వాటిని. ఈవిడకు ఆ దారి మూసుకుపోయింది కదా. నరానికి ఎక్కించే మందుంది. ఇక్కడ అయిపోయింది, హైదరాబాదు నుంచి బస్సులో వేయించాను."

మందు వచ్చింది. చిటికెనవేలంత బుడ్డి. నర్సు జానీబీ, చీరాల పిల్ల, రోజూ పొద్దున్నే దాన్ని సూదితో లాగి చక్కెర నీళ్ల సంచిలో కలిపేది. సంచి మొత్తం పసుపు కలిపినట్టు పచ్చగా అయిపోయేది. వెంటనే దానికి నల్లకాగితం చుట్టేది, వెలుతురు తగిలితే మందు చెడిపోతుందని.

వారం గడిచిందో లేదో, ఒక పొద్దున వరండాలో కూర్చున్న యలమందయ్యకు గదిలోంచి గొంతు వినిపించింది.

"ఆ కాగితం చుట్టటం ఏందమ్మాయ్, పొట్లం కట్టటం కూడా రాదా నీకు? కింద సగం సంచి బయటికే కనపడతా ఉంటే! మీ అమ్మ ఏం నేర్పిందే?"

"నేర్పుతుంటే నేనే పారిపోయొచ్చా అత్తా," అంది జానీబీ.

యలమందయ్య లేచి నిలబడి, ఎదురొచ్చిన ఆయమ్మకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు. భార్య తిడుతుంటే అంత ఆనందించిన మొగుడు గుంటూరు జిల్లాలో ఇంకొకడు ఉండడు. గబగబా లోపలికి పోయాడు. పోయినవాడు మంచం పక్కన వేలాడే మూత్రం సంచి చూసి కొయ్యబారిపోయాడు. సంచి నిండా పచ్చగా, చిక్కటి పసుపునీళ్లు.

కామెర్లు! అతని అన్న పాతికేళ్లకే కామెర్లతో పోయాడు. ఆ రంగు యలమందయ్య మరిచిపోలేదు. డాక్టర్ని అడగొచ్చు కదా అంటారు మీరు. అడగడు. కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు, పసరు ఒక్కటే దారి అని ఆ పల్లెల్లో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. కళ్లంలో కాయలు చూసొస్తానని చెప్పి ఊరికి బస్సెక్కి, నేరుగా పసరు ఇచ్చే బుడాన్ సాయిబు ఇంటికి పోయాడు.

బుడాన్ అంతా విని గడ్డం గోక్కున్నాడు. "పసరు పరగడుపున తాగాల. ఆపైన ఉప్పు, కారం, నూనె, చింతపండు ముట్టగూడదు, పచ్చ పోయిందాకా. మీ ఆడమనిషి గొంతులో చుక్క దిగదంటివి. ఇంక నేనేం చేసేది యలమందా?"

యలమందయ్య అతని దగ్గరికి జరిగాడు. "దాని బదులు నేను తాగితే?"

"నువ్వా? నీకేం రోగం?"

"ఏ రోగం లేదు సాయిబూ. పత్యం కూడా నేనే పడతా. అది ఎట్టాగూ ఏం తినటంలా గదా. పత్యం పట్టాల్సిన నోరు ఏదో ఒకటి ఉండాల గదా."

బుడాన్ తన జన్మలో ఇలాంటి బేరం చూడలేదు. కాదనడానికి మనసొప్పక గ్లాసులో నేల ఉసిరి పసరు పోసి ఇచ్చాడు. యలమందయ్య ఊపిరి బిగబట్టి తాగి, గుంటూరు తిరిగొచ్చాడు.

ఇక అప్పట్నుంచి చప్పిడి కూడే. గుంటూరులో కాపురమున్న చెల్లెలు కోటిరత్నం క్యారేజీ తెస్తే, కూర పక్కన పెట్టేసి, ఉప్పులేని మజ్జిగన్నం మింగేవాడు. ముద్దకో మిరపకాయ కొరికే మనిషి! దవడలు లోపలికి పోయాయి, చొక్కా వంకెకు తగిలించినట్టు వేలాడింది. కోటేశ్వరికి మాత్రం బుగ్గలు తేరాయి. పెదాల పుళ్లు మానాయి. నల్లకాగితం సరిగ్గా చుట్టడం జానీబీకి నేర్పేసింది కూడా.

"ఏందయ్యా, నువ్వు తింటన్నావా లేదా?" అని ఆమె అడిగితే "ఊఁ" అనేవాడు. చివరికి కోటిరత్నమే ఉండబట్టలేక బయటపెట్టింది.

"ఏం తినటం వదినా! నీకు కామెర్లని అన్నయ్య పసరు తాగి పత్యం పట్టాడు. ఉప్పు కూడా ముట్టటంలా."

అప్పుడే సంచి మార్చడానికి వచ్చిన జానీబీ చేతిలో సూది అలాగే ఆగిపోయింది. "కామెర్లా? అయ్యో మామా! ఆ పచ్చ ఈ విటమిన్లది. ఒంటికి కావలసింది ఉంచుకుని మిగిలింది బయటికి పంపిస్తుంది. మందు వేసినన్నాళ్లూ అట్లాగే వస్తుంది."

కోటేశ్వరికి నవ్వు మొదలైంది. ఆపుకుందామంటే ఆగలేదు. రెండు చేతులా పొట్ట అదిమిపట్టుకుని, "బయటికి పంపండే ఈయన్ని, నా కుట్లూడిపోతన్నాయ్," అంటూ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. పేగు కోసిన తర్వాత అంతగా నవ్వడం అదే మొదలు.

యలమందయ్య నవ్వలేదు. "నేను పత్యం పట్టిన కాడ్నుంచేగా ఇది తేరుకుంది? మధ్యలో మానితే చేసిందంతా బూడిద. పచ్చ పోవాల, అప్పుడే ఉప్పూ కారం ముడతా."

డాక్టరు చెప్పినా వినలేదు. లోకంలో ఎవరి మాటకీ ఎదురు చెప్పని మనిషి ఈ ఒక్క దగ్గర మొండికేశాడు. మందు ఆగితే గానీ పచ్చ పోదు. ఆమె తింటే గానీ మందు ఆగదు. ఆ రాత్రి కోటేశ్వరికి నవ్వంతా పోయింది. ఇన్నాళ్లూ తన నోటి గురించే ఏడ్చింది. పక్కన ఇంకొక నోరు తనతో పాటు ఎండిపోతోందని చూడనే లేదు. ఆ మనిషి మీద ప్రేమ ముంచుకొచ్చింది, ఒళ్లుమండే కోపం కూడా వచ్చింది.

మర్నాటి నుంచి ఆమెను మంచంలో పడుకోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. సంచుల స్టాండు నెట్టుకుంటూ వరండా అంతా తిరిగేది. "మా ఆయన చప్పిడి తిని చస్తన్నాడు, ఆ కన్నం ఎప్పుడు పూడుద్దో చెప్పండి," అని డాక్టర్ని రోజూ నిలదీసేది. కారడం తగ్గింది, తడి మాత్రమే మిగిలింది. ఒక పొద్దున కట్టు విప్పితే గుడ్డ పొడిగా ఉంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇంకొన్నాళ్లు ఆగి, "గంజి పట్టండి," అన్నాడు.

కోటిరత్నం గంజి కాచి తెచ్చింది. అందులో ఒక్క ఉప్పుకల్లు. చెంచా నాలుక మీద ఆనగానే కోటేశ్వరి కళ్లు మూసుకుంది. ఉప్పు! గంజి గొంతు దిగుతుంటే బుగ్గల మీద నీళ్లు కారిపోయాయి. రెండో చెంచా కూడా మింగి, "ఒక్క పలుకు ఎక్కువే వేశావే కోటిరత్నం," అంది. గదిలో అందరూ ఒక్కసారి నవ్వేశారు.

గంజి తర్వాత జావ, జావ తర్వాత మెత్తటి అన్నం. సంచులు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఆఖరున పసుపుపచ్చ మందు కూడా ఆపేసి, జానీబీ నల్లకాగితం మడిచి చెత్తబుట్టలో వేసింది. మర్నాడు కోటేశ్వరి మూత్రం మామూలు రంగులోకి వచ్చింది. యలమందయ్య జబ్బలు చరుచుకోవడం ఒక్కటే తక్కువ.

"చూశావా? పోయింది! నా పత్యమా, మీ బుడ్డీనా?"

కోటేశ్వరి నోటిదాకా వచ్చింది మాట. ఎముకలు తేలిన అతని మెడవంక చూసి, మింగేసింది. "నీ పత్యమేలేవయ్యా," అంది.

ఇంటికి చేరేసరికి చేలో ఆఖరి కోత. పండుకాయలు ఏరి తెప్పించి, బలహీనంగా ఉన్న చేత్తోనే పచ్చడి పెట్టింది. తనకు డాక్టరు వేలికొసంతే నాలుక మీద రాసుకోమన్నాడు. యలమందయ్య అంతదాకా ఉప్పు మాత్రమే మొదలుపెట్టి, కారం ఆమె చేత్తోనే తింటానని కూర్చున్నాడు. వేడన్నంలో పచ్చడి వేసి, నెయ్యి పోసి, ముద్ద కలిపి అతని నోట్లో పెట్టింది.

నమిలాడు. ఒక్కసారిగా మొహమంతా ఎర్రబడి పొలమారింది. కళ్లల్లో, ముక్కులో నీళ్లు. చుట్టూ జాడీలతో కూర్చున్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

"కారం ఎక్కువైందే," అన్నాడు యలమందయ్య.

అందరూ కోటేశ్వరి వంక చూశారు, ఇప్పుడు పిడుగు పడుతుందని. కోటేశ్వరి వేలికొసతో పచ్చడి తీసి నాలుక మీద రాసుకుంది. కారం ఎప్పటి లాగే ఉంది.

"ఎక్కువేనయ్యా," అంది.

మంచినీళ్ల చెంబు అతని చేతికిచ్చి, ఇంకాస్త నెయ్యి పోసి, రెండో ముద్ద చిన్నది కలిపింది.